గాలి పేరు చెప్పి గీసిన వంపులు

1930లలో అమెరికన్ కంపెనీలు డిజైనర్లను పిలిచి, డబ్బిచ్చి చేయించుకున్న పని ఒకటుంది. జనం ఇళ్లలో బాగానే పనిచేస్తున్న సామాను పాతదిలా కనిపించేట్టు చేయడం. పక్కింటి కొత్త ఫ్రిజ్ చూసి వచ్చినవాడికి తన ఫ్రిజ్ మొహం మొత్తాలి. ఆ లెక్కన అప్పటి వస్తువులు కూడా నాలుగైదేళ్లలో మొహం మొత్తి, పాతసామాన్ల కొట్టుకు చేరి, ఆనవాలు లేకుండా పోవాల్సినవే. కానీ ఆ కాలపు రేడియోలు, కెమెరాలు, రైలింజన్లు తొంభై ఏళ్ల తర్వాత మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. వేలంపాటల్లో వాటికి పోటీ ఉంది. కొన్నయితే ఇప్పటికీ ఇంచుమించు అదే ఆకారంలో ఫ్యాక్టరీ నుంచి బయటికొస్తున్నాయి. పాతబడటానికే పుట్టిన ఈ 'స్ట్రీమ్‌లైన్' శైలి, అంటే గాలి జారిపోయేట్టు వంపులు తిరిగిన ఆకారాల శైలి, ఎందుకు పాతబడలేదు?

అందరూ చెప్పే జవాబు వేగం. గాలిని చీల్చుకుపోయే ఆకారాలు కాబట్టి అంత అందమట. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఇస్త్రీపెట్టెకీ గాలికీ ఏం సంబంధం? బల్ల మీద కదలకుండా కూర్చునే రేడియోకి నీటిబొట్టు ఆకారం ఎందుకు? విమర్శకులు అప్పట్లోనే ఈ ప్రశ్న అడిగి, ఇదంతా బూటకమని కొట్టిపారేశారు. ఆ తీర్పూ సగమే నిజం. ఆ వంపులు మూడు చోట్ల నుంచి వచ్చాయి: గాలి, అచ్చు (అంటే తయారీ పద్ధతి), అంగడి (అంటే అమ్మకం). ఒక్కో వస్తువులో ఈ మూడింటి పాళ్లు వేరు. దేన్లో ఏది ఎంతుందో విడదీసి చూస్తే ఏవి నిలిచాయో, ఏవి ఎందుకు పోయాయో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు గాలి సంగతి. బండి వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని తట్టుకుని అదే వేగంతో పోవడానికి కావలసిన ఇంజన్ శక్తి ఎనిమిది రెట్లు. గంటకు 40 కిలోమీటర్లతో పోయే బండికి ఇది లెక్కలోకి రాదు. వంద దాటితే మాత్రం ఇంజన్ కష్టంలో పెద్ద వాటా గాలికే పోతుంది. ముందుభాగం కోసుగా ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు వెనకాల ఉంది. బండి ఒంటిని అంటుకుని పారే గాలి, వెనక్కి వచ్చేసరికి పట్టు వదిలేసి సుడులు తిరుగుతుంది. అక్కడ పీడనం పడిపోయి, బండిని వెనక్కి గుంజుతుంది. వస్తువును అంటుకుని ఉండే ఆ పల్చని గాలి పొర ఎలా నడుచుకుంటుందో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంట్ల్ 1904లో వివరించాడు. గాలి చివరిదాకా పట్టు వదలకూడదంటే ముందుభాగం గుండ్రంగా మొద్దుగా ఉండి, వెనకభాగం మెల్లగా సన్నబడుతూ పోవాలి. జెప్పెలిన్ ఎయిర్‌షిప్‌ల మీద పనిచేసిన పాల్ జరాయ్ ఈ లెక్కను కార్లకు తెచ్చాడు. ఎడ్మండ్ రుంప్లర్ 1921లోనే బెర్లిన్‌లో నీటిబొట్టు కారును చూపించాడు. అంటే అమెరికా శైలి అని పేరుపడ్డదాని శాస్త్రం ఐరోపాలో పుట్టింది. అమెరికా దాన్ని సామాన్యుడి వంటింటిదాకా తీసుకెళ్లింది.

అమెరికాలో ఈ శాస్త్రాన్ని నిజాయితీగా నమ్మి చేతులు కాల్చుకున్న కంపెనీ క్రైస్లర్. అక్కడి ఇంజనీరు కార్ల్ బ్రీర్ బృందం విండ్ టన్నెల్‌లో, అంటే గాలిని వేగంగా వీచే సొరంగంలో, నమూనాలు పెట్టి చూస్తే, అప్పటి కార్లు ముందుకన్నా వెనక్కి నడిస్తేనే గాలికి తక్కువ అడ్డుపడుతున్నాయని తేలింది. నిలువు గోడలాంటి ముందుభాగం, వాలుగా ఉండే వెనకభాగం అప్పటి కారు తీరు. ఆ సంగతి జనానికి చూపించడానికి ఒక కారుకు బాడీని తిరగేసి బిగించి వీధుల్లో తిప్పారు కూడా. రోడ్డు మీద కారు వెనక్కి దూసుకొస్తుంటే చూసినవాళ్లు ఏమైపోయి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఆ పరిశోధన ఫలితం 1934 నాటి ఎయిర్‌ఫ్లో. అందులో కొత్తదనమంతా పైరేకుది కాదు. ఇంజన్‌ను ముందు చక్రాల మీదికి జరిపారు, వెనక సీటును వెనక ఇరుసు మీంచి ముందుకు తెచ్చారు. కుదుపులు తగ్గాయి. ఉక్కు చట్రమే బాడీగా కట్టడంతో బండికి గట్టిదనం వచ్చింది. ఇంజనీరింగ్ పరంగా ఆనాటి మంచి కార్లలో ఒకటి. జనం కొనలేదు. మొదటి బండ్లు ఆలస్యంగా వచ్చాయి, వాటిలో లోపాలున్నాయి, పోటీ కంపెనీలు పుకార్లు పుట్టించాయి. అవన్నీ నిజమే. కానీ అసలు కారణం మొహం. అప్పటిదాకా కారంటే పొడుగాటి బానెట్, దాని కొసన నిటారుగా రేడియేటర్. ఎయిర్‌ఫ్లోకి ముక్కు లేదు. నుదుటి నుంచి గడ్డందాకా ఒకే జారుడు. 1937తో దాని కథ ముగిసింది. అయితే విత్తనం వృథా పోలేదు. జపాన్‌లో టొయోటా తన మొదటి ప్యాసింజర్ కారును 1936లో ఎయిర్‌ఫ్లోను చూసే గీసుకుంది.

అదే 1936లో ఫోర్డ్ వాళ్ల లింకన్-జెఫిర్ వచ్చింది. అదీ గాలికి ఒదిగిన కారే, కానీ దాని ముందుభాగంలో ఓడ ముక్కులాంటి కోసు పెట్టారు. జనం కళ్లకు ఆనింది. అమ్ముడుపోయింది. ఈ రెండు కార్ల మధ్య తేడా అర్థమైతే ఈ శైలి గుట్టు సగం చిక్కినట్టే. డిజైనర్ రేమండ్ లోవీ తర్వాతి కాలంలో దీన్ని సూత్రంగా చెప్పాడు. కొనేవాడికి కొత్తదనం మీద మోజూ ఉంటుంది, కొత్తదంటే జంకూ ఉంటుంది. ఆ జంకు మొదలయ్యే గీత దాకా వెళ్లాలి, దాటకూడదు. ఎయిర్‌ఫ్లో ఆ గీత దాటింది.

ఇక అచ్చు. నా దృష్టిలో ఈ శైలి మన్నికకు అసలు కారణం ఇక్కడుంది, దీని గురించే తక్కువ మాట్లాడతారు.

1934 మే 26న తెల్లవారుజామున డెన్వర్‌లో బయల్దేరిన ఒక చిన్న రైలు ఆ సాయంత్రానికి చికాగో చేరింది. 1,633 కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడా ఆగకుండా, 13 గంటల 5 నిమిషాల్లో. సగటు వేగం గంటకు 125 కిలోమీటర్లు. మామూలు రైళ్లకు ఆ దూరం ఒక రోజుకు పైగా పట్టేది. బర్లింగ్టన్ రైల్‌రోడ్ వాళ్ల జెఫిర్ అది. ప్రయాణికుల్లో ఒక గాడిద కూడా ఉంది. ప్రచారం కోసం ఎక్కించారు, పేరు జెఫ్. దారి పొడవునా జనం పట్టాల పక్కన నిలబడి ఆ వెండి రైలును చూశారు. అప్పటికి ఏడాది కిందట దేశంలో పనిచేయగలవాళ్లలో నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. బ్యాంకులు మూతపడ్డాయి. రైల్వేలకు ప్రయాణికులు సగానికి సగం తగ్గిపోయారు. ఆ మాంద్యంలో జనం కళ్లముందు నుంచి భవిష్యత్తు దూసుకుపోయినట్టుంది.

జెఫిర్ పక్కగోడలను దగ్గరగా చూడండి. అది ఇప్పుడు చికాగో సైన్స్ మ్యూజియంలో ఉంది, ఫొటోలూ బోలెడు. గోడల పొడవునా అడ్డంగా గాడులు, సన్నని కాలువలు తీసినట్టు. వేగాన్ని సూచించే అలంకారమని ఎవరైనా అనుకుంటారు. ఆ గాడులు పుట్టింది వేరే అవసరానికి. రైలును కట్టిన బడ్ కంపెనీ బరువు తగ్గించడానికి పల్చటి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు వాడింది. పల్చటి రేకును నున్నగా పరిస్తే అది అలలు తిరిగి, సొట్టలు పడ్డట్టు కనిపిస్తుంది, బిగువూ ఉండదు. గాడులు కొడితే అదే రేకు కర్రలా నిలబడుతుంది. ఇంకో చిక్కు ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ను మామూలుగా వెల్డింగ్ చేస్తే వేడి తగిలిన చోట తుప్పును ఆపే గుణం పోతుంది. బడ్ ఇంజనీర్లు సెకనులో చిన్న వంతు సేపు మాత్రమే పెద్ద కరెంటు పంపి అతికించే పద్ధతి కనిపెట్టారు. వేడి పాకేలోపే అతుకు పడిపోతుంది. ఈ రెండూ లేకపోతే ఆ వెండి రైలు లేదు. మూడు పెట్టెల రైలంతా కలిపి బరువు వంద టన్నుల లోపే. దానికి తోడు డీజిల్ ఇంజన్. జెఫిర్ ఆదా చేసిన ఖర్చులో గాలి ఆకారం వాటాకన్నా తేలికదనం, డీజిల్ వాటాలే ఎక్కువ. కానీ పేరంతా ఆకారానికే వచ్చింది. కనిపించేది అదే కదా.

ఇదే తర్కం చిన్న వస్తువుల్లోనూ ఉంది. తొలితరం గట్టి ప్లాస్టిక్ అయిన బేకలైట్‌ను వేడి అచ్చులో పోసి ఒత్తుతారు. మూలలు పదునుగా ఉంటే ముద్ద అక్కడికి సరిగ్గా పారదు, పారినా ఆ మూలే ముందు పగులుతుంది, అచ్చులోంచి ఊడి రావడమూ కష్టం. ఇడ్లీ రేకుకు చదరపు గుంటలు ఎందుకుండవో వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. రేడియో డబ్బాల గుండ్రటి భుజాలకు కారణం ఆకాశంలో విమానం కాదు, అచ్చులో ముద్ద. వాల్టర్ డోర్విన్ టీగ్ 1934లో కొడాక్ కోసం గీసిన బేబీ బ్రౌనీ కెమెరా ఒక డాలరుకు అమ్మారు. ఆ ధరకు అమ్మగలిగారంటే ఒత్తగానే అచ్చులోంచి ఊడిపడే ఆకారం కాబట్టే. ఫ్రిజ్‌ల కథా అంతే. పెద్ద ఉక్కు రేకును ప్రెస్‌లో పెట్టి ఒక్క దెబ్బతో వంచాలంటే మూల మెత్తగా తిరగాలి. పదును మూల దగ్గర రేకు చిరుగుతుంది. అదే టీగ్ 1936లో చేసిన బాంటమ్ స్పెషల్ కెమెరా మీద నల్ల ఎనామెల్ మధ్య సన్నని లోహపు గీతలు మెరుస్తుంటాయి. చూడటానికి వేగపు గీతలు. ఎనామెల్ ఒకచోట పెచ్చు లేస్తే అది పక్కకు పాకకుండా ఆపే కట్టలు కూడా అవే.

అచ్చుకు నప్పిన వంపుకు ఒక గుణం ఉంటుంది. అది అతికించినట్టు అనిపించదు. కారణం తెలియకపోయినా ఎక్కడో ఒక కారణం ఉందని కన్ను పసిగడుతుంది. దీన్ని నిరూపించలేను గానీ, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల జీజీ1 కరెంటు ఇంజన్ల పక్కన నిలబెట్టి చూపించగలను. 1934 నాటి మొదటి నమూనా, 4800 నంబరుది, ఇప్పుడు పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్ రైల్వే మ్యూజియంలో ఉంది. ఒళ్లంతా రివెట్ల తలకాయలు. అభిమానులు ముద్దుగా 'ఓల్డ్ రివెట్స్' అంటారు. లోవీని పిలిచి అభిప్రాయం అడిగితే, రివెట్లు మానేసి రేకులను వెల్డింగ్‌తో అతకమన్నాడు. తర్వాతి ఇంజన్లన్నీ అలాగే వచ్చాయి. రివెట్ల పని తప్పి ఖర్చు తగ్గింది, ఇంజన్ ఒకే లోహపు ముద్దలోంచి చెక్కినట్టు మారింది. మొత్తం 139 కట్టారు, చివరివి 1983 దాకా నడిచాయి. యాభై ఏళ్ల సర్వీసు. ఆకారానికి మూలం గీసింది డొనాల్డ్ డోనర్ అనే డిజైనరు. పేరు మాత్రం దశాబ్దాల పాటు లోవీకే దక్కింది. లోవీ విషయంలో ఇది కొత్త కాదు. కోకా-కోలా సీసా కూడా ఆయనదేనని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. అది 1915లో రూట్ గ్లాస్ కంపెనీలో ఎర్ల్ డీన్ గీసింది.

మూడోది అంగడి. ఇక్కడ మొహమాటం అక్కర్లేదు, ఈ శైలిలో అలంకారం కోసమే పెట్టిన అలంకారం చాలా ఉంది. దానికి తిరుగులేని సాక్ష్యం మన పట్టాల మీదే తిరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, 1947లో, ఫిలడెల్ఫియా దగ్గరి బాల్డ్విన్ ఫ్యాక్టరీ నుంచి 16 కొత్త ఆవిరి ఇంజన్లు మన దేశానికి వచ్చాయి. డబ్ల్యూపీ తరగతి. ముందు తూటాలాంటి గుండ్రటి ముక్కు, దాని మీద నక్షత్రం. తర్వాత చిత్తరంజన్‌లోనూ కట్టారు. సికింద్రాబాద్, విజయవాడ మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్‌లను లాగింది ఎక్కువగా ఇవే. దీనికి గూడ్స్ తమ్ముడు ఒకడున్నాడు, డబ్ల్యూజీ. బాయిలర్ అదే, చాలా విడిభాగాలూ అవే. ముక్కు మాత్రం లేదు. గూడ్స్ బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి అక్కర్లేదని అనవచ్చు. కానీ డబ్ల్యూపీ గరిష్ఠ వేగమే గంటకు 110 కిలోమీటర్లు. చక్రాలు, కడ్డీలు అన్నీ బయటే ఉన్న ఇంజన్‌కు ముందొక టోపీ పెడితే గాలిలో మిగిలేది స్వల్పం. ఆ టోపీ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ప్రయాణికుడి కోసం. బొగ్గు వ్యాగన్‌కు చూసే కళ్లు లేవు.

ఈ డిజైనర్లు ఎక్కడి నుంచి వచ్చారో చూస్తే ఇందులో వింతేమీ లేదు. నార్మన్ బెల్ గెడెస్, హెన్రీ డ్రైఫస్ నాటకరంగం నుంచి వచ్చారు. టీగ్ ప్రకటనల బొమ్మలు గీసేవాడు. ఫ్రాన్స్‌లో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, 1919లో న్యూయార్క్ చేరిన లోవీ షాపుల కిటికీలు అలంకరించి, ఫ్యాషన్ బొమ్మలు గీసి బతికాడు. వెలుగు దేని మీద ఎలా పడితే కన్ను అక్కడ ఆగుతుందో వీళ్లకు వెన్నతో పెట్టిన విద్య. లోవీకి 1929లో దొరికిన మొదటి పెద్ద పని గెస్టెట్నర్ డూప్లికేటర్. మన ఆఫీసుల్లో, బళ్లలో, సంఘాల్లో దశాబ్దాల పాటు సైక్లోస్టైల్ తీసిన యంత్రం పేరే అది. పాత యంత్రానికి గేర్లు, పిడులు, బెల్టులు అన్నీ బయటే ఉండేవి, నాలుగు కాళ్లు బయటికి చాచుకుని ఉండేవి. దారిన పోయే స్టెనోగ్రాఫర్ ఆ కాళ్లకు తట్టుకుని పడుతుందని లోవీ బొమ్మ గీసి చూపించాడట. ఆ తర్వాత యంత్రం మీద మట్టి మెత్తి, లోపలి పేగులన్నీ కప్పేసి, ఒకే తొడుగుగా చెక్కాడు. లోపలి యంత్రం పాతదే, చొక్కా కొత్తది. అయినా దుమ్ము పట్టడం, సిరా పూసుకోవడం తగ్గాయి, కాళ్లకు తట్టుకోవడమూ తప్పింది. అలంకారం ఎక్కడ ఆగి ఉపయోగం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం ఇక్కడ కష్టం.

లోవీ అమ్మకపు తెలివికి పరాకాష్ఠ ఆయన గీసిన పరిణామ పటాలు. కారు, రైలు, టెలిఫోన్, కుర్చీ, ఆడవాళ్ల దుస్తులు, ఒక్కోదానికి ఒక్కో వరుస. పాత రూపం ఒక కొసన, దాని తర్వాత ఒక్కో దశలో ఒక్కో మొన, మలుపు, నగిషీ రాలిపోతూ, ఇంకో కొసకు వచ్చేసరికి నున్నటి ఆకారం. చూసినవాడికి ఇది ఒక డిజైనరు ఇష్టం అనిపించదు, ప్రకృతి నియమం అనిపిస్తుంది. పటం చివరి బొమ్మ పక్కనే లోవీ ఆఫీసు అడ్రసు ఉన్నట్టు లెక్క. ఈ శైలికి చిహ్నంగా అందరూ చూపించే వస్తువు కూడా ఆయనదే, 1933 నాటి పెన్సిల్ షార్పెనర్. క్రోమ్ పూసిన నీటిబొట్టు, వెనక చిన్న పిడి. ఇంతా చేసి అది మార్కెట్లోకి రానేలేదు, నమూనా దగ్గరే ఆగిపోయింది. 2011లో అమెరికా తపాలా శాఖ డిజైనర్ల మీద స్టాంపులు వేసినప్పుడు లోవీ స్టాంపు మీద పెట్టింది దాన్నే.

విమర్శ అప్పుడే గట్టిగా వచ్చింది. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1934లో యంత్ర కళ ప్రదర్శన పెట్టినప్పుడు బేరింగులు, స్ప్రింగులు, ప్రొపెల్లర్లు, ల్యాబ్ గాజుసామాను పెట్టింది గానీ ఈ నీటిబొట్టు సరుకుకు పీట వేయలేదు. ఆకారం పనిలోంచి పుట్టాలన్నది వాళ్ల మతం. ఆ మ్యూజియానికే చెందిన ఎడ్గర్ కాఫ్మన్ జూనియర్ 1948లో ఈ శైలిని మెరుగు పూసిన నాసిరకం సరుకుగా జమకట్టి తూర్పారబట్టాడు. శిబిరం లోపలా అసంతృప్తి ఉండేది. డ్రైఫస్‌కు నీటిబొట్టు పిచ్చి నచ్చేది కాదు, అనవసరమైనవి తీసేస్తే చాలనేవాడు. 1936లో ఆయన గీసిన మెర్క్యురీ రైలు ఇంజన్‌లో చక్రాలను దాచలేదు సరికదా, రాత్రిపూట కనిపించేట్టు వాటి మీదికి దీపాలు పెట్టించాడు. తిరుగుతున్న చక్రం కన్నా వేగాన్ని బాగా చూపించేది ఏముంటుంది! నాకైతే లోవీ ముక్కులన్నింటి కన్నా ఈ ఆలోచన గొప్పగా తోస్తుంది.

మరి ఈ మూడింటిలో కనీసం రెండైనా గట్టిగా కలిసిన వస్తువులు? వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అవే నిలిచాయి.

డగ్లస్ డీసీ-3 విమానం 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరింది. దాని ఒంటి రేకు కేవలం తొడుగు కాదు, బరువు మోసే భాగం. దాని ఆకారం ముందుగా జవాబు చెప్పేది గాలికే. యుద్ధకాలపు రూపాలతో కలిపి పది వేలకు పైగా తయారయ్యాయి, కొన్ని ఇంకా ఎగురుతున్నాయి. నిజాం ప్రభుత్వం భాగస్వామిగా 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి ఈ విమానాలే, డకోటాలని పిలిచేవారు. తెలుగు నేల మీద తొలితరం విమాన ప్రయాణికులు చాలామంది ఎక్కింది ఈ ఆకారంలోకే.

ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ది ఇంకా ముచ్చటైన కథ. వాలీ బయామ్ 1936లో తెచ్చిన క్లిపర్ మోడల్, అంతకు ముందు గ్లైడర్లు కట్టిన హాలీ బౌలస్ తయారుచేసిన ట్రైలర్ ఆధారంగా వచ్చింది. విమానం కట్టినట్టే అల్యూమినియం రేకులు, రివెట్లు. కారు వెనక లాక్కుపోయే ఇల్లు కాబట్టి గాలి లెక్క నిజంగానే అవసరం. తేలిగ్గా ఉండాలి, వాన కారకూడదు, తుప్పు పట్టకూడదు. వీటన్నిటికీ ఆ గుండ్రటి వెండి డొల్ల ఒకే సమాధానం. 1969లో చంద్రుడి మీంచి తిరిగొచ్చిన అపోలో 11 వ్యోమగాములను క్వారంటైన్‌లో ఉంచింది కూడా మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్‌లోనే. ఒహైయోలోని జాక్సన్ సెంటర్‌లో ఇప్పటికీ వాటిని మనుషులే ఇద్దరిద్దరుగా నిలబడి, ఒకరు లోపల ఒకరు బయట, రివెట్లు కొట్టి కడుతున్నారు.

వంటింట్లో కిచెన్‌ఎయిడ్ మిక్సర్ ఉంది. 1937లో ఎగ్‌మంట్ ఆరెన్స్ గీసిన మోడల్ కే. అది ఎక్కడికీ కదలదు కాబట్టి గాలికి అందులో పాత్ర లేదు. అచ్చు, అంగడి మాత్రం పూర్తిగా ఉన్నాయి. పోత పోసిన లోహపు ఒళ్లు, పిండి ఇరుక్కునే సందు ఒక్కటీ లేదు, ఒక్క తుడుపుతో శుభ్రం. మోటారు ఎక్కడుందో, బలం ఎటు దిగుతుందో ఆకారమే చెబుతుంది. ఆ నీడరూపాన్నే కంపెనీ ట్రేడ్‌మార్క్ చేసుకుంది. అమెరికాలోని తెలుగు ఇళ్ల కౌంటర్ల మీద, ఇక్కడి నుంచి మోసుకెళ్లిన వెట్ గ్రైండర్ పక్కన, అది తరచు కనిపిస్తుంది.

ఇక ఆకర్షణ సంగతి. అమెరికన్లకు ఇది తాతల కాలపు జ్ఞాపకం అనుకుందాం. ఆ జ్ఞాపకం లేని మనకు కూడా ఈ వస్తువులు ఎందుకు నచ్చుతాయి? మనుషులు పదును మూలలకన్నా వంపులను ఇష్టపడతారని 2006లో మోషే బార్, మైతల్ నెటా అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపించారు. కొంతవరకు అదీ కారణమే. కానీ వంపులు తర్వాతా బోలెడు వచ్చాయి, 1990ల ప్లాస్టిక్ సామాన్లన్నీ వంపులే. వాటిని ఎవరూ దాచుకోవడం లేదు. నాకు కనిపించే కారణం వేరు. 1927 నాటి జనరల్ ఎలక్ట్రిక్ ఫ్రిజ్‌కు కంప్రెసర్ నెత్తిమీద బయటే ఉండేది. పదేళ్లలో అది ఒంట్లోకి వెళ్లిపోయింది. 1930ల వస్తువులన్నీ చేసిందదే. భయపెట్టే యంత్రాన్ని కప్పి, దానికొక మొహం, ఒక ఒళ్లు ఇచ్చాయి. యంత్రం లోపల ఉందని మాత్రం దాచలేదు. బరువుంది, ముందు వెనకలున్నాయి, చేత్తో పట్టుకునే పిడి ఉంది. తర్వాత కాలం యంత్రాన్ని పూర్తిగా మాయం చేసింది. ఇప్పటి ఫోన్‌కు ముందుంది అద్దం, వెనకుంది అద్దం. అది ఏం చేస్తుందో ఆకారం చూసి చెప్పలేం. విప్పి కనబడే పేగులకూ మొహం లేని పలకకూ మధ్య ఈ వస్తువులు నిలబడ్డాయి, ఆ మధ్యచోటు మళ్లీ ఎవరూ పూర్తిగా నింపలేదు. 1997లో ఇటలీ వాళ్ల స్మెగ్ కంపెనీ గుండ్రటి భుజాల ఫ్రిజ్‌ను కొత్తగా అమ్మకానికి పెడితే అంతగా పోయింది అందుకేనేమో.

మురిసిపోతూ మరిచిపోకూడని సంగతి ఒకటుంది. ఆ నున్నటి భవిష్యత్తు అందరిదీ కాదు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ కోసం బెల్ గెడెస్ కట్టిన ఫ్యూచురామాలో జనం కదిలే కుర్చీల్లో కూర్చుని 1960 నాటి అమెరికాను పైనుంచి చూశారు. ఎక్కడా మలుపు, ఇరుకు లేని రహదారులు, పాత పేటల ఊసు లేని నగరాలు. యుద్ధం తర్వాత నిజంగానే ఆ రహదారులు వేసినప్పుడు కూలిన పేటల్లో చాలావరకు పేదలవి, నల్లవారివి. మొనలు, అడ్డంకులు, వ్యర్థం తీసేయాలన్న ఆ కాలపు మోజుకూ, మనుషుల్లో కూడా మేలురకాన్ని ఏరాలన్న యూజెనిక్స్ ప్రచారానికీ ఉన్న చుట్టరికాన్ని కొందరు చరిత్రకారులు తవ్వి తీశారు. వాదన అంతా ఒప్పుకోనక్కర్లేదు గానీ, లోవీ పరిణామ పటాల్లో టెలిఫోన్ పక్కన ఆడవాళ్ల దుస్తుల వరుస కూడా ఉండటం ఊరికే జరిగింది కాదు.

ఇప్పుడు గాలి మళ్లీ లెక్కలోకి వచ్చింది, ఈసారి సాకుగా కాదు. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీయే ఖరీదైన భాగం. హైవే మీద దాని ఛార్జిని ఎక్కువగా తినేది గాలి. అందుకే నీటిబొట్టు తిరిగొచ్చింది. హ్యుందాయ్ ఐయోనిక్ 6 గాలి నిరోధ గుణకం 0.21 (ఇది ఎంత తక్కువైతే అంత మేలు). ఆ కంపెనీ దాన్ని స్ట్రీమ్‌లైనర్ అనే పిలుస్తోంది. మెర్సిడెస్ ఈక్యూఎస్‌ది 0.20, అంటే అమ్మకానికి వచ్చిన కార్లలో అతి తక్కువల్లో ఒకటి. ఇంజనీర్లు మెచ్చుకున్నారు. కొనేవాళ్లు మాత్రం అది మెర్సిడెస్‌లా లేదు, అరిగిన సబ్బుబిళ్లలా ఉందన్నారు. పొడుగాటి బానెట్ లేదు, గ్రిల్ లేదు, ముక్కు లేదు. 2024లో మెర్సిడెస్ ఆ కారు ముందుభాగానికి క్రోమ్ పట్టీల గ్రిల్, బానెట్ మీద నిలబడే నక్షత్రం తెచ్చిపెట్టింది. ఎయిర్‌ఫ్లో అమ్ముడుపోక క్రైస్లర్ 1935లో చేసిందీ అదే, పాత కార్లకు ఉండే కోసు గ్రిల్‌ను తెచ్చి దాని మొహానికి తగిలించింది.